గరిక నాటినామె

“ముందు ఆ గోళ్ళల్ల మట్టి కడుక్కొచ్చి పెట్టు బువ్వ” అన్నాడు మా ఆయన నర్సన్న, కంచం ముందు కూర్చుని.

కడుక్కొచ్చి పెట్టాను. ఆ మట్టి ఎక్కడిదో ఆయనకు తెలియక కాదు. అది ఆయన డ్యూటీ మట్టి. నౌకరి ఆయనది, ఖాకీ అంగీ ఆయనది, మట్టి మాత్రం నా గోళ్ళలో. సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అన్నారా!

బోధన్ ఊరి బయట, కాలువ గట్టు కింద, ఆఫీసర్ల క్లబ్బుకి ఒక గోల్ఫ్ మైదానం ఉంది. తెల్లబట్టల దొరలు కర్రతో చిన్న బంతిని కొడతారు, దాని వెంట నడుస్తారు, మళ్ళీ కొడతారు, ఆఖరికి ఒక గుంతలో వేస్తారు. అట్లాంటి గుంతలు తొమ్మిది. ప్రతి గుంత చుట్టూ నున్నగా, అలికిన వాకిలిలాగా జాగా ఉండాలి. పోయినేటి దాకా అక్కడ ఇసుక పోసి, లారీ ఇంజన్లలోంచి తీసేసిన నల్లనూనె కలిపి సాపు చేసేవాళ్ళం. ఈ ఏడు, అంటే అరవై నాలుగులో, కొత్తగా వచ్చిన సెక్రటరీ దొర అదంతా తీసేయమన్నాడు. దసరా తర్వాత హైదరాబాదు నుంచి ఆటకు పెద్దవాళ్ళు వస్తారట. వాళ్ళ బూట్లకు నూనె అంటకూడదట. ప్రతి గుంత చుట్టూ సన్నగరిక పరవాలి.

‘చేసేవాళ్ళం’ అంటున్నాను చూశారా? ఆరేళ్ళ కింద మా మామ చనిపోతే ఆయన అక్కడ చేసే మాలి పని కొడుక్కి ఇచ్చారు. కొడుక్కి మట్టి అంటే అసహ్యం. పనిలో చేరిన నెలకే నడుం పట్టేసిందని మంచం ఎక్కాడు. “రెండు దినాలు నువ్వు పోయి జర సూసుకో. నౌకరి పోతే అందరం ఉపాసమే” అన్నాడు. ఆ రెండు దినాలు ఆరేళ్ళయ్యాయి. నడుం ఎప్పుడో బాగైంది. “మొగని పని జేస్తే అరిగిపోతవా?” అనేది మా అత్త. ఆయన తన దోస్తులతో ఇంకా బాగా చెప్పేవాడు. “మా ఇంటామెకు పొద్దు వోదు. జర గడ్డి గెలుకుతది.”

గెలికేదాన్నే. వానాకాలం రాగానే పొద్దు పొడవకముందే లేచి ఊడ్చి, చల్లి, రొట్టెలు కాల్చి, అత్తకు కాళ్ళకు నూనె రాసి మైదానానికి పరుగెత్తేదాన్ని. నాలుగు ఎకరాల గడ్డి కోత, మోరీల తవ్వుడు, కోసుకుపోయిన కట్టలకు రాయి పేర్చుడు, నేల అణిచే రాతి గుండు లాగుడు, చలికాలమైతే వెదురు బరికెతో గడ్డి మీది మంచు దులుపుడు. ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి. నాకు కూర్చోవడం చేత కాకుండా పోయింది. కూర్చుంటే చేతులు ఊరుకోవు. చాప పుల్లలు పీకుతూ ఉంటాను. ఏదో మరిచిపోయినట్టు, ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి లేస్తాను. ఎవరూ పిలిచి ఉండరు.

అదే నా బాధ. పొద్దున్నే పనిముట్ల కొట్టం దగ్గర మున్షీ గులాం సాబ్ హాజరు పిలుస్తాడు. మొదట మా ఆయన పేరు, పలికి వెళ్ళిపోతాడు. తర్వాత సీజను కూలికి వచ్చే ఆరుగురు ఆడవాళ్ళ పేర్లు. వర్ని నుంచి వచ్చే ఈరవ్వ అందరికన్నా పెద్దది. ‘ఈరవ్వ’ అనగానే ఆమె కొంగు సర్దుకుని “ఉన్న సాబ్” అంటుంది. ఆ ఒక్క మాట వినడానికి నేను ప్రతి పొద్దూ కొట్టం మూలన నిలబడేదాన్ని. ఆరో పేరు అయిపోగానే గులాం సాబ్ రిజిస్టర్ మూసేవాడు. ఆ చప్పుడు నా మొహం మీద తలుపు వేసినట్టుండేది. ఒకసారి మా ఆయనను అడిగాను, నా పేరు కూడా రాయించమని. “నా పేరుంది గద. నీదొకటి, నాదొకటా?” అని నవ్వాడు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకు. అందుకే నాకు ఇంకా మండింది.

ఈ ఏడు గరిక పని వచ్చేసరికి నాకు పిచ్చి పట్టినట్టయింది. మాది ముప్కాల్. పసుపు చేలలో పుట్టి పెరిగినదాన్ని. “ఒక్క గణుపు మిగిలినా శెల్క మొత్తం తింటది బిడ్డా” అని మా బాపు గరికను చూపి తిట్టేవాడు. ఆ తిట్టే నాకు చదువైంది. ఒక్క గణుపుకే అంత బలం ఉంటే, నాటితే ఎందుకు రాదు? కాలువ గట్టు మీద వెతికి వెతికి, దారమంత సన్నటి ఆకు గరిక ఒడిలో కట్టుకొచ్చి, ఇంటి వెనక జాలారు నుంచి స్నానాల నీళ్ళు పారే చోట పెంచాను. ఆషాఢంలో, కూలి ఆడవాళ్ళు ఇంకా పనికి రాకముందే, తీగలు తెంపి, రెండేసి గణుపుల ముక్కలు చేసి, పేడనీళ్ళలో ముంచి, ఏటవాలుగా పండబెట్టి నాటాను. ఒక గణుపు మట్టిలో, ఒకటి పైన. మడమతో ఒత్తాలి, చేత్తో కాదు. భాద్రపదం వచ్చేసరికి, తొమ్మిదింటిలో ముందుగా నాలుగో గుంత చుట్టూ నేల కనబడకుండా అల్లుకుంది. చేత్తో నిమిరితే చంటిపిల్ల నెత్తి నిమిరినట్టుండేది. దొర వచ్చి చూసి “శభాష్ నర్సన్నా!” అన్నాడు. మా ఆయన రెండు చేతులు జోడించాడు. నేను రాతి గుండు దగ్గర నిలబడి ఉన్నాను.

చవితి పోయిన నాలుగో రోజు. కలుపు తీసే వంతు. నేను చెప్పు కాలికి తగిలించుకుంటుంటే మా ఆయన అడ్డం వచ్చాడు. “ఇయ్యాల మా మ్యానమామ వస్తుండు. కోడి కొయ్యాలె. నువ్వు ఇంట్లుండు. మైదానం నేను సూసుకుంట.”

“కలుపు తీపియ్యాలె ఇయ్యాల. నువ్వు...”

“ఎహె, నేను మాలినా, నువ్వు మాలివా?”

కోడి కోశాను. మసాలా నూరుతున్నానే గాని మనసు అక్కడే ఉంది. బయటికి వచ్చి గట్టు వైపు చూడటం, లోపలికి పోయి కూర కలపడం. “కాలుగాలిన పిల్లి లెక్క ఏం తిరుగుడే?” అంది అత్త. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఈరవ్వ రొప్పుతూ వచ్చి వాకిట్లో నిలబడింది.

“చెల్లే, ఏమో తప్పైనట్టుంది. నువ్వొకపారి రావాలె.”

పోయి చూశాను. వాళ్ళు మొదలుపెట్టిన నాలుగో గుంత చుట్టూ ఎర్రమట్టి. ఒక్క గరిక పోస లేదు. పీకిన గరికంతా మళ్ళీ వేరు పట్టుకోకుండా బండ మీద పరిచి ఎండేశారు, పసుపు చేలో చేసినట్టే. మట్టిలో అక్కడక్కడ గంగవాయిలి కూర మాత్రం ముద్దుగా మిగిలింది.

“కూర మొక్క గద, పీకబుద్ది కాలె” అంది ఈరవ్వ మెల్లగా.

ముందు నవ్వొచ్చింది. నిజం. గరికను చూసి చేయి ఆగే ఆడది మా జిల్లాలో ఉంటుందా! కూర మొక్కను పీకే ఆడది ఉంటుందా! తర్వాత అక్కడే కూలబడి ఏడ్చాను.

“నర్సన్నను అడిగినం చెల్లే, ఏది కలుపని. ‘పుట్టినకాడి నుంచి పీకుతుండ్రు, మీకు తెల్వదా’ అన్నడు. బీడీ తాగుకుంట అక్కడ్నే కూసున్నడు.”

కూర్చుని చూశాడు. ఏది నాటిన గరికో, ఏది కలుపో పోల్చుకోవడం ఆయనకూ తెలియదు.

సాయంత్రం సెక్రటరీ దొర చూశాడు. ఆయనది కోస్తా వైపు. “గడ్డికీ కలుపుకీ తేడా తెలియని వాళ్ళని ఎవరు పెట్టారు పనిలో?” అని అరిచాడట. “ఆడోళ్ళు దొరా, ఏం తెల్వది” అన్నాడట మా ఆయన. ఆరుగురి పేర్లు రేపు పొద్దున్నే కొట్టేయమని గులాం సాబ్‌కు హుకుం. చెరకు నరుకుడు మొదలు కావడానికి ఇంకా రెండు నెలలు. అప్పటిదాకా వాళ్ళకు పొయ్యి మీదికి ఏముంటుంది?

ఈ ముచ్చటంతా ఆయనే చెప్పాడు, కోడికూర నంజుకుంటూ. “జాలారు కాడ నీ గరికుంది గద. పొద్దుగాల నాటేసెయ్. దసరా వరకు పట్టుకుంటది. ఎవ్వరికి జెప్పకు.”

“ఆ ఆర్గురు?”

“కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నీ పేరైతే రిజిష్టర్ల లేదు గద. నీకేం గాదు” అన్నాడు ఓదారుస్తున్నట్టు.

నీ పేరు లేదు గద. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. నీళ్ళ గోలెం కడిగాను. కడిగిన గోలెం మళ్ళీ కడిగాను. నేను ఎక్కడా లేను కాబట్టి నాకేమీ కాదు. ఆరేళ్ళు చేసిన పనికి నేను లేను. జరిగిన తప్పుకూ నేను లేను. చచ్చిపోయినా క్లబ్బులో ఎవరికీ ఏమీ తగ్గదు, గడ్డి తప్ప. నాకు భయమేసింది, ఆయన మీద కోపం కన్నా ముందు. నేను ఉన్నానా అసలు?

పొద్దున్నే గరిక కోసి గంపనిండా నింపి నెత్తిన పెట్టుకుని పోయాను. నేరుగా గుంత దగ్గరికి కాదు, కొట్టం దగ్గరికి. ఆరుగురూ తలలు వంచుకుని నిలబడ్డారు. దొర కూడా వచ్చాడు. గంప చూడగానే ఆయన మొహం విప్పారింది.

“ఇంత మంచి గడ్డి ఎక్కడిది?”

“నేనే పెంచిన దొరా, ఇంటెనక” అన్నాడు మా ఆయన.

ఇప్పుడు నోరు తెరిస్తే ఇంట్లో నాకు ఏం జరుగుతుందో తెలుసు. అయినా గంప దించి మా ఆయన కాళ్ళ ముందు పెట్టాను.

“గట్లయితే ఆయననే నాటమనుండ్రి దొరా.”

మా ఆయన నన్ను చూశాడు, దొరను చూశాడు. నవ్వబోయి, వంగి, గుప్పెడు గరిక తీసి పక్కనున్న తడిమట్టిలో నిలువుగా గుచ్చాడు. ఈరవ్వ ఆపుకోలేకపోయింది. “అయ్యో, గదేమన్న వరి నారా అన్నా? గరిక పండుకోని పాకుతది!” గరిక కుచ్చు ఒరిగి పడిపోయింది.

దొర దాన్ని చూశాడు, మా ఆయన తెల్లటి గోళ్ళను చూశాడు, తర్వాత నా చేతులను చూశాడు. “నిన్న కలుపు ఏదో వీళ్ళకి చెప్పలేదా ఎవరూ?”

నేనే మాట్లాడాను.

“అడిగిండ్రు దొరా. అక్కడున్నాయనకు తెల్వదు. తెలిసినామె ఇంట్ల కోడి కోస్తున్నది.”

“నువ్వు నాటగలవా? దసరాకి పచ్చగా కనబడాలి.”

“ఈ ఆర్గురుంటేనే నాటుత. నా పేరు గూడ రిజిష్టర్ల రాస్తెనే నాటుత. లేకుంటే నా గంప నేను దీస్కపోత.”

దొరకు న్యాయం కాదు కావలసింది, గడ్డి. అది నాకు తెలుసు. గడియారం చూసుకుని “రాయి గులాం, రాయి. ఎవరినీ కొట్టెయ్యకు” అని వెళ్ళిపోయాడు.

గులాం సాబ్ కలం తీశాడు. అలవాటుగా మా ఆయన వైపే తిరిగాడు. “నర్సన్నా, మీ ఇంటామె పేరేంది?”

మా ఆయన నేల చూపులు చూశాడు. పెళ్ళాం పేరు పలకడం మాలో లేదు. ఓయ్, ఇగో, ఏమే, ఇవే ఇన్నేళ్ళూ నా పేర్లు.

“నన్ను అడుగుండ్రి సాబ్. రుక్మాబాయి” అన్నాను.

రాశాడు. ఊది ఆరబెట్టాడు. మళ్ళీ మొదటి నుంచి పిలిచాడు. ఆరుగురూ పలికారు. ఏడో పేరు పిలిచినప్పుడు ఎవరా అని నేనూ అందరితో పాటు అటూ ఇటూ చూశాను. ఈరవ్వ మోచేత్తో పొడిచింది.

“ఉన్న సాబ్!” అన్నాను. గట్టు మీది కొంగలు లేచాయి, అంత గట్టిగా.

పొద్దు కుంకేదాకా నాటాం. ఇంటికొచ్చేసరికి ఆయన కంచం ముందు కూర్చుని ఉన్నాడు, అత్త గోడ వైపు తిరిగి. “అందరి ముందట ఇజ్జత్ దీసినవ్” అన్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. రేపు కొడతాడేమో, ఏమో. కంచం కొంచెం ముందుకు జరిపి ఎప్పటిలాగే అన్నాడు. “ఆ గోళ్ళల్ల మట్టి కడుక్కొచ్చి పెట్టు బువ్వ.”

నా గోళ్ళు చూసుకున్నాను. చేతులు కడుక్కున్నాను, నా కోసం. పొయ్యి దగ్గరికి పోయి, ఇంకో కంచం తీసి, బువ్వ పెట్టుకుని, గడపలో కూర్చున్నాను. కుండ అక్కడే ఉంది, గంటె అక్కడే ఉంది.

ఆ రోజు నేను ముందు తిన్నాను.