అడుగున మిగిలిన గుక్క

ఆ ఇంట్లో ఒక రూలు ఉంది. ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు టీ, తర్వాతే మాట. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఒక్క ప్రశ్న కూడా అడక్కూడదు. ఖాళీ అయిందా, ఇక నోట్లో ఏమీ దాచుకోకూడదు.

రూలు పెట్టింది ఇంటావిడ. ఆవిడది బట్టల రిపేరు పని. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని చుట్టూ జిప్పులు ఊడిన ప్యాంట్లు, పొడుగు తగ్గించాలని చీటీలు గుచ్చిన గౌన్లు. అది బతుకుతెరువు. కానీ ఆవిడ మనసంతా వంటింట్లో రెండో అరలో ఉంటుంది. అక్కడ వరసగా డబ్బాలు. కడుపు బాగోకపోతే పుదీనా. తల పట్టేస్తే నిమ్మగడ్డి. నిద్ర పట్టకపోతే ఎండబెట్టిన చామంతి. బెంగగా ఉంటే దాల్చినచెక్క. ఎవరితోనైనా గొడవపడి వస్తే అల్లం దంచి, పాలు పోసి, బాగా మరిగించి. "అల్లం లోపలికెళ్ళి ఘాటుగా తగిలితే, బయటి ఘాటు దిగిపోతుంది" అంటుంది. ఏ డాక్టరు చెప్పాడో మనకి తెలీదు. కానీ వీధిలో అందరూ ఆవిడ్ని టీ డాక్టరమ్మ అంటారు. ఫీజు లేదు కదా, ఎంతైనా పొగుడుతారు.

ఆవిడ మొగుడు సిటీ బస్సు డ్రైవరు. డిపోలో పేరు డేగ. ఎదురుగా వచ్చే బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే బోర్డు చదివేసేవాడు. బోర్డే కాదు, ఆ డ్రైవరు పొద్దున గడ్డం గీసుకున్నాడో లేదో కూడా చెప్తాడని జోకు. ఇంటికొచ్చాక పెళ్ళాం సూదులన్నింటికీ దారం ఎక్కించి, మిషను మీద దిండుకి వరసగా గుచ్చిపెట్టడం ఆయన డ్యూటీ. ఒక్కసారికే ఎక్కించేవాడు. దారం తడపడం కూడా ఉండేది కాదు.

అలాంటి డేగకి కళ్ళు మసకేశాయి.

మొదట అద్దం మురికి అనుకున్నాడు. బస్సు అద్దం తుడిచాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళని చూసి జాలిపడే మనిషి, తన కళ్ళే తుడుచుకున్నాడు. పొద్దుగూకితే చాలు, ఎదుటి బండి లైటు పింజలు పింజలుగా విడిపోయిన పత్తిలా కనిపించేది. తెల్ల చొక్కాలు పచ్చగా కనిపించేవి. కిందటేడు డిపోలో కంటి పరీక్ష పెడితే, ముందు నిలబడ్డవాడు చదివిన అక్షరాలు విని బట్టీ కొట్టి గడగడా అప్పజెప్పి వచ్చేశాడు. ఈ ఏడు పరీక్ష మళ్ళీ రాబోతోంది. ఈసారి ఏ అక్షరాలుంటాయో, ముందు ఎవడు నిలబడతాడో!

ఫెయిలయితే స్టీరింగ్ చేతిలోంచి పోతుంది. స్టీరింగ్ లేకపోతే తను ఎవరు? డేగ కాదు. డ్రైవరు కాదు. సోఫాలో ఓ మూల కూర్చున్న మనిషి. అందుకే పెళ్ళానికి చెప్పలేదు. చెప్తే నిజమైపోతుంది కదా.

కానీ ఆవిడ ఊరుకుంటుందా? మనిషి ముభావంగా ఉన్నాడని పసిగట్టింది. ఏమీ అడగలేదు. రూలు రూలే. టీ మాత్రం వచ్చింది.

మొదటిరోజు పుదీనా. వాసన తగలగానే డేగకి అర్థమైంది, కడుపనుకుంటోందని. వెంటనే పొట్ట నిమురుకుంటూ "మధ్యాహ్నం ఏదో పడలేదే" అన్నాడు. ఇంకోరోజు నిమ్మగడ్డి. ఆరోజు తల పట్టుకున్నాడు. తర్వాత చామంతి. ఆరోజు ఆవలించాడు. ఏ టీ వస్తే ఆ జబ్బు. ఇలా రోజుకో జబ్బు చేసుకుంటూ పోతుంటే బుర్ర వాచిపోయింది పాపం. అసలు జబ్బు కంటే ఈ నాటకం జబ్బు ఎక్కువైంది.

ఇంకో కిటుకు కూడా కనిపెట్టాడు. గ్లాసు ఖాళీ అయితేనే కదా ప్రశ్న? అందుకని అడుగున ఒక గుక్క మిగిల్చేవాడు.

"ఆ గుక్క కూడా తాగేయండి."

"మెల్లగా తాగుతాలే."

"చల్లారిపోయింది."

"చల్లారితేనే నాకు ఇష్టం."

"పెళ్ళైన దగ్గర్నుంచీ నాలుక కాలేలా తాగారు. ఇప్పుడు చల్లారిందంటే ఇష్టమా?"

"మనిషన్నాక మారడా ఏమిటే?"

ఆవిడ గ్లాసు వంక చూసేది. ఆయన వంక చూసేది. గ్లాసు తీసుకెళ్ళి ఆ గుక్కని సింకులో పోసేది. ఆ చప్పుడు డేగకి ముందు గదిలోకి వినపడేది. ఇంత చిన్న చప్పుడికి అంత సిగ్గెందుకేస్తుందో ఆయనకే అర్థమయ్యేది కాదు.

బస్సులో ఇంకో మనిషి ఉన్నాడు. కండక్టరు. బెల్లు కొట్టేముందు నోటితో కూడా టింగుమంటాడని ఆయనకి గంట అని పేరు. డేగ, గంట ఏళ్ళ తరబడి ఒకే బండి. ఈమధ్య గంట టిక్కెట్లు తొందరగా కొట్టేసి డ్రైవరు సీటు వెనకే వచ్చి నిలబడుతున్నాడు. ఊరికే మాట్లాడుతున్నట్టే "కుడి పక్క సైకిలు, గురూ" అంటాడు. "ముందు ఆటో ఆగినట్టుంది, గురూ" అంటాడు. "నాకు కనపడదా ఏంట్రా?" అని డేగ కసురుకుంటాడు. "కనపడకేం, నాకు కనపడింది కదా అని చెప్తున్నా" అంటాడు గంట, నవ్వుతూ. కసిరినా ఆ మనిషి అక్కణ్ణుంచి కదలడు.

ఆరోజు మబ్బు పట్టింది. సాయంత్రం కాకముందే వీధి బూడిద రంగులోకి తిరిగింది. అడ్డరోడ్డు దగ్గర డేగ స్టీరింగ్ తిప్పాడు. ముందు ఖాళీగానే ఉంది. ఆయన కంటికి ఖాళీగానే ఉంది.

"గురూ, బ్రేకు!"

గంట అరుపుకి కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. బస్సు ఊగి ఆగింది. నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. బస్సు ముక్కు ముందు బూడిద రంగు గొడుగొకటి. గొడుగు కింద ఒకావిడ, చంకలో పసిబిడ్డ. ఆవిడ బస్సు వంక విసుగ్గా చూసి, ఏదో తిట్టి, రోడ్డు దాటి వెళ్ళిపోయింది. ఎంతలో తప్పిందో ఆవిడకి తెలీలేదు.

డేగకి తెలిసింది. గంటకి తెలిసింది. మిగతా దారంతా గంట జోకులేయలేదు. డిపోలో దిగేటప్పుడు మాత్రం భుజం మీద చెయ్యేసి "ఇంటికెళ్ళు గురూ" అన్నాడు. అంతే.

ఇంటికొచ్చేసరికి మిషను చప్పుడు లేదు. ముందు గదిలో లైటు కూడా వేసి లేదు. ఆవిడ చాప మీద పడుకుని మెడ పట్టుకుని ఉంది. బడులు తెరిచే రోజులు కదా, యూనిఫారాల గుట్ట మిషను పక్కన నడుమెత్తున ఉంది.

"ఏమైందే?"

"మెడ పట్టేసింది. తల పగిలిపోతోంది. కాసేపుండి లేచి టీ పెడతా."

"నువ్వు లేవకు. ఇవాళ నేను పెడతా."

ఆవిడ కళ్ళు తెరిచింది. "మీరా?"

"ఏం, బస్సు నడిపేవాడికి స్టవ్వు నడపడం రాదా?"

ఆయనకి ఆ నిమిషంలో ఎవరికైనా ఏదైనా మంచి చెయ్యాలనుంది. ఆ గొడుగు ఇంకా కళ్ళముందే ఉంది. అల్లం మాత్రం బాగా దంచాడు, రోలు పగిలేలా. పాలు, నీళ్ళు పెట్టాడు. అరలో చెయ్యి పెట్టి డబ్బా తీశాడు. మూత తీసి కళ్ళ దగ్గర పెట్టుకు చూశాడు. నల్లగా, సన్నగా, చేతిలో గరగరమంది. టీపొడే. నాలుగు చెంచాలు వేశాడు. అల్లం వాసన ఇల్లంతా కమ్మేసింది. రంగు కూడా ఆయన కంటికి పచ్చపచ్చగా బాగానే వచ్చింది. వడపోస్తే జాలీలోంచి దిగలేదు. "ఈ జాలీ ఒకటి పాడైనట్టుంది" అని గొణుక్కుని తిన్నగా గ్లాసులోకి ఒంపేశాడు. పొడి ఉంటే అడుక్కి దిగుతుందిలే అనుకున్నాడు. పాలు ఒక గ్లాసుకే సరిపోయాయి.

ఆవిడ లేచి గోడకి ఆనుకుని కూర్చుంది. ఒక గుక్క తాగింది. ఆగింది. గ్లాసు దించి అందులోకి చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

"ఎలా ఉంది?"

"వేడిగా ఉంది."

"అల్లం చాలిందా?"

"బాగా చాలింది."

మళ్ళీ గుక్క. ఈసారి నోట్లో ఏదో నమిలింది. డేగ ఎదురుగా మోకాళ్ళు పట్టుకుని, పరీక్ష రాసిన పిల్లాడిలా కూర్చున్నాడు. ఆవిడ గ్లాసు వంచి, ఊపి, చివరికి అడుగున ఉన్నదంతా వేలితో తీసుకుని మరీ తినేసింది. ఖాళీ గ్లాసుని నేల మీద బోర్లించింది.

"ఖాళీ అయింది. ఇప్పుడు చెప్పండి."

"నేనేం చెప్పాలి? తాగింది నువ్వు కదా."

"రూలు గ్లాసుది. ఎవరు తాగారని కాదు." ఆవిడ లేచి, లైటేసి, వంటింట్లోంచి డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇదేంటి?"

"టీపొడి."

"వాసన చూడండి."

చూశాడు. వాసనే లేదు. రెండు గింజలు నాలుక మీద వేసుకున్నాడు. కాసేపటికి అవి ఉబ్బి, జారుడుగా తగిలాయి.

"సబ్జా గింజలు. ఎండల్లో నానబెట్టుకుందామని తెచ్చా. గ్లాసులో కప్ప గుడ్లు పెట్టినట్టుంది" అంది ఆవిడ. నవ్వలేదు. మెల్లగా ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "ఎప్పట్నుంచి?"

డేగ తల దించుకున్నాడు. అబద్ధానికి ఏ జబ్బూ దొరకలేదు. అన్నీ అయిపోయాయి. అద్దం తుడవడం, బట్టీ కొట్టిన అక్షరాలు, పత్తిలా విడిపోయే లైట్లు, అన్నీ చెప్పాడు. గొడుగు సంగతి చివర్లో చెప్పాడు. "చంకలో బిడ్డ ఉందే" అన్నాడు. చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. తర్వాత మొదలెట్టింది.

"సూదులకి దారం ఎక్కించడం మానేసినప్పుడే అనుమానమొచ్చింది. చేతులు వణుకుతున్నాయేమో, తాగుడు మొదలెట్టారేమో అనుకున్నా."

"తాగుడా! నేనా?"

"మరేమనుకోవాలి? అడుగున గుక్క మిగిల్చి నా వంక దొంగచూపులు చూస్తుంటే? చామంతి టీ ఊరికే ఇచ్చాననుకున్నారా?"

"అది నిద్రకి కదా?"

"నిద్రకే. మీరు నిద్రపోతే జేబులు వాసన చూద్దామని."

అంత ఏడుపులోనూ డేగకి నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. కానీ తొందరగానే ఆగిపోయింది.

"ఉండండి, టీ తెస్తా" అని లోపలికెళ్ళింది. డబ్బాలు ఒక్కొక్కటే తీసి పెడుతున్న చప్పుడు వినిపించింది. పుదీనా, నిమ్మగడ్డి, దాల్చినచెక్క. ఏ మూతా తీసిన చప్పుడు రాలేదు. చివరికి రెండు గ్లాసులు పట్టుకొచ్చింది. డేగ వాసన చూశాడు. ఏమీ లేదు. ఉత్త వేడినీళ్ళు.

"దీనికి ఏం వెయ్యాలో నాకు తెలీలేదండీ" అంది. "వేడిగా ఉందని తెచ్చా. పట్టుకు కూర్చోండి, చాలు."

ఇద్దరూ యూనిఫారాల గుట్టకి ఆనుకుని, వేడి గ్లాసులు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. నీళ్ళు అయిపోయాయి. అడుగున ఏమీ మిగల్లేదు. డేగ ఫోను తీసి గంటకి చేశాడు.

"ఒరేయ్, రేపు నేను బండెక్కను. కళ్ళాసుపత్రికి పోతున్నా. డిపోలో కూడా ఉన్నదున్నట్టు చెప్పేస్తా."

అవతల పెద్ద నిట్టూర్పు.

"హమ్మయ్య. నా గొంతు ఎండిపోతోంది గురూ, సైకిలు, ఆటో అని అరిచి అరిచి. నేనే చెప్దామనుకున్నా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని నోరు రాలేదు."

"రేపు ఎవడొస్తాడో నా సీట్లోకి."

"ఎవడొచ్చినా నేను వాడి వెనక నిలబడను. హాయిగా కూర్చుంటా. నువ్వు తొందరగా రా."

మర్నాడు కళ్ళాసుపత్రి వరండాలో బెంచీల నిండా మనుషులు, అందరూ కళ్ళు మూసుకుని, తలలు వెనక్కి వాల్చి. నర్సమ్మ డేగ కళ్ళల్లో చుక్కలు వేసి "కాసేపు ఏమీ సరిగ్గా కనపడదు తాతా, కంగారు పడకు" అనేసి పోయింది. "తాతేంటి" అని గొణిగాడు డేగ. పక్కన కూర్చున్న పెళ్ళాం కిసుక్కుమంది.

నిజంగానే ఏమీ కనపడలేదు. వెలుగంతా కరిగి కారిపోతున్నట్టుంది. లోపల ఏం చెప్తారో, స్టీరింగ్ మళ్ళీ పట్టుకోనిస్తారో లేదో. వేళ్ళు వాటంతటవే మోకాళ్ళ మీద గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆ వేళ్ళ మధ్యలో ఆవిడ వెచ్చటి గ్లాసు పెట్టింది. ఫ్లాస్కు మూత బిగించిన చప్పుడు.

"ఏం టీ?"

"డేగ కదా మీరు. చెప్పండి చూద్దాం."

వాసన చూశాడు. "అల్లం. నేనెవడితో గొడవపడ్డానే?"

"తాగండి ముందు."

తాగాడు. పళ్ళ మధ్య ఏదో జారింది. చల్లగా కాదు, వెచ్చగా, మెత్తగా.

"ఒసేయ్! కప్ప గుడ్లు!"

పక్క బెంచీ వాళ్ళు కళ్ళు మూసుకునే ఇటు తల తిప్పారు. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు ఆయనకి కనపడలేదు గానీ, పక్కన భుజం కదలడం తెలిసింది.

"రాత్రంతా ఆలోచించా. మీ కళ్ళకి ఏ టీ పెట్టాలా అని. మీరే కనిపెట్టి పెట్టారుగా" అంది.

డేగ గ్లాసంతా తాగాడు. చివరికి అడుగున ఉన్న గింజలు కూడా వేలితో తీసుకున్నాడు, ఒక్కటీ మిగల్చకుండా. గ్లాసు బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఊఁ. ఇప్పుడు చెప్పండి" అందావిడ.

"భయంగా ఉందే."

"నాకూ ఉందండీ."

అదే మొదటిసారి ఆవిడ నోట ఆ మాట వినడం. ఎందుకో ఆయనకి కాస్త ఊపిరాడినట్టయింది.

లోపల్నుంచి పిలిచారు. డేగ లేచి నిలబడ్డాడు. ఎటు అడుగెయ్యాలో తెలీలేదు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఎడమ పక్క బెంచీ. ముందు మెట్టు. చూసుకుని" అంది, అచ్చం గంటలాగే.

ఈసారి ఆయన కసురుకోలేదు.

"రైట్, రైట్" అన్నాడు డేగ. బండి కదిలింది.