షెడ్డు మాట

మేస్త్రీ చెవుల్ని మగ్గాల షెడ్డు తినేసింది. పొద్దస్తమానం మరమగ్గాల దడదడలో నిలబడ్డవాడికి చెవులెక్కడ మిగులుతాయి? షెడ్డు యజమాని ఇంత దూది చేతిలో పెట్టిన పాపాన పోలేదు. చెవులు పోయినా మేస్త్రీకి మాటలకు లోటు రాలేదు. షెడ్డులో ఎవరూ గొంతుతో మాట్లాడరు, అరిచినా వినపడి చావదు. నోరు బారెడు తెరిచి, ఒక్కో మాటా పెదాల మీద పెట్టి చూపిస్తారు. అవతలి చివర మగ్గం దగ్గరున్నవాడు అది చూసి నవ్వుతాడు, తిడితే తిరిగి తిడతాడు. మేస్త్రీ భార్య అక్కడే నూలు కండెలు చుట్టింది. తమ్ముడు అక్కడే నేశాడు.

ఇప్పుడా మేస్త్రీ ఆపరేషన్ గది బయట చక్రాల మంచం మీద ఉన్నాడు. షుగరు జబ్బు. కుడి పాదం వేళ్లు నల్లబడ్డాయి. "వేళ్లు తీసేస్తారు, అంతే" అని ఆయనకి చెప్పారు. అది సగం నిజం. కుళ్లు పైకి పాకి ఉంటే మోకాలి కింద దాకా తీయాల్సిందేనని డాక్టరమ్మ ముందురోజే భార్యకీ తమ్ముడికీ చెప్పింది. ఆయనతో తనే మాట్లాడతానంది కూడా. "మేం చెప్తాంలెండి" అన్నాడు తమ్ముడు. బయటికొచ్చాక మాట మార్చాడు.

"అన్నయ్య అసలే పిరికి, వదినా. వింటే గుండాగి చస్తాడు."

ఆమె సరేనంది. సరేనన్న దగ్గర్నుంచీ ఆమెకి ముద్ద దిగలేదు.

ఇద్దరు వార్డుబాయ్‌లతో నర్సు వచ్చి మేస్త్రీ భుజం తట్టింది. ముక్కూ నోరూ మూసిన మాస్కు వెనక నుంచి, "భయపడకు తాతా, చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అంది. మేస్త్రీకి రెండు కళ్లు తప్ప ఏమీ కనపడలేదు.

"ఏమంటోందే?" అన్నాడు భార్యతో.

"భయపడొద్దంటోంది."

"భయపడొద్దని చెప్పడానికి ఇంతమందెందుకే?"

ఆమె అద్దం తలుపు దాటి వరండాలో ఉన్న మరిది దగ్గరికి వెళ్లింది. బెంచీల నిండా జనం. అందుకని గొంతు మింగేసి, షెడ్డులోలా నోరు తెరిచి పెదాలతోనే అడిగింది:

"కాలు పోతుందని చెప్పొద్దా? లేచి చూసుకుంటే ఏమైపోతాడు?"

మరిదీ అలాగే జవాబిచ్చాడు: "తీసేశాక ఒప్పుకోక ఏం చేస్తాడు వదినా?"

గుట్టుగా మాట్లాడాలంటే వాళ్లకు తెలిసిన దారి అదొక్కటే. ఆ విద్యలో మేస్త్రీని మించినవాడు షెడ్డు మొత్తంలో లేడు. మధ్యనున్నదా, అద్దం.

లోపల మంచం కిర్రుమంది. మేస్త్రీ లేచి కూర్చున్నాడు.

"కాలా?" చెవిటివాడి గొంతుకి కొలత ఉండదు, వరండా అంతా అటు తిరిగింది. "నా కాలు తీస్తున్నారా? ఊరందరికీ తెలుసు, కాలున్నవాడికి తప్ప!"

చేతికి గుచ్చిన సూది పీకబోయాడు. నర్సు చెయ్యి పట్టుకుంది. తమ్ముడు పరుగున వచ్చి, "ఏం కాదన్నయ్యా, ఏం కాదు" అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యి. నీ నోరు ఇందాకే చూశాను."

గోల విని డాక్టరమ్మ బయటికొచ్చింది. ఆలస్యమైతే విషం ఒళ్లంతా పాకుతుందనీ, ఈయన కాదంటే తను కత్తి పట్టననీ చెప్పింది. ఆ మాటలూ మాస్కులోనే పోయాయి.

భార్య మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. "అబద్ధం చెప్పాను. నీకు భయమని కాదు. నువ్వు వద్దంటావని నాకు భయమేసింది" అంది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఆ గుడ్డ కిందికి దించండమ్మా. ఆయన పెదాలు చూసి వింటాడు."

డాక్టరమ్మ మాస్కు దించి దగ్గరికొచ్చింది.

"వేళ్లు తీయక తప్పదు. కుళ్లు ఎక్కి ఉంటే మోకాలి కింద దాకా. కోసి చూస్తేగానీ నాకూ తెలీదు. చేయకపోతే ప్రాణానికే ముప్పు."

"మోకాలు ఉంచుతారా?"

"ఉంచాలనే చూస్తాను. అదుంటే కట్టుడు కాలుతో నడవచ్చు."

మేస్త్రీ వంగి తన పాదాన్ని ఓసారి తడిమాడు.

"లేచాక నాకెవరు చెప్తారు?"

"మీరెవర్ని చెప్పమంటే వాళ్లు."

"ఇదే చెప్పాలి" అని భార్యని చూపించాడు. "ముందు మా తమ్ముడి మొహం చూపించారో, లేచి పోతాను."

"ఏ కాలితో పోతావయ్యా?" అనేసి ఆమె నాలుక కరుచుకుంది.

మేస్త్రీకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెప్తావా?"

"చెప్తా. ఉన్నదున్నట్టు."

ఆయన వెనక్కి వాలి పడుకున్నాడు. భయం పోయిందనుకునేరు. మంచం అంచుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. ఆ పట్టు వదలకుండానే, "పదండి" అన్నాడు. మంచం లోపలికి వెళ్లింది.

ఆమె బెంచీ మీద కూలబడింది. మరిది పక్కన నిలబడి గొణిగాడు.

"ఏం కాదు వదినా. అంతా మంచే..."

"ఏం కాదని నీకెవరు చెప్పారు?"

అతను తల దించుకున్నాడు.

"భయమేస్తోంది వదినా."

"నాకూ" అంది ఆమె. పక్కకి జరిగి, అతనికి కూర్చోవడానికి చోటిచ్చింది.