చెక్క ముక్క పెట్టని రోజు

చెప్పెయ్యడానికి కోడలికి అర నిమిషం వ్యవధి దొరికింది. ఆ అర నిమిషమూ ఆమె నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం బయటికి రాలేదు. అంతకు మించి ఆమె చేసిన ఘోరమేమీ లేదు. అది చాలదూ?

సంగతి మొదటినుంచీ చెప్పాలి. ఆ ఇంట్లో మామగారు కుట్టుమిషన్లు బాగుచేస్తారు. నలభై ఏళ్లుగా అదే పని. వీధి వీధంతా ఆయన్ని మిషన్ల డాక్టరు అంటుంది. ఆయనా తక్కువవారేం కాదు. వచ్చిన మిషన్ మీద చెయ్యి వేసి, చక్రం ఒకసారి తిప్పి, చెవి దగ్గర పెట్టి విని, "దీనికి అజీర్తి చేసిందమ్మా, దారం పీచు తెగ తినేసింది" అని రోగం చెప్పేస్తారు. ముందు గదే ఆయన ఆస్పత్రి. ఎప్పుడు చూసినా అయిదారు మిషన్లు అక్కడ మంచం పట్టి ఉంటాయి.

ఆయన బాగుచేసిన ప్రతి మిషన్ మీదా కోడలు కూర్చుని ఒక గుడ్డపీలిక కుట్టి చూడాలి. కాపురానికి వచ్చిన కొత్తలో సరదాకి ఒకసారి కుడితే, దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "నా చెవికి దొరకని తేడా నీ కాలికి దొరికిందే" అని మురిసిపోయారు. అప్పటినుంచి ఆమె సరే అంటేనే మిషన్ గడప దాటుతుంది. అత్తగారు లేని ఇంట్లో ఆమెకు దక్కిన పెద్దరికం అదొక్కటే, దాన్ని ఆమె ఎవరికీ వదులుకోదు.

ముందు గదికీ వీధికీ మధ్య సన్నటి నడవ. అందులో చిన్నవాడి మోటారు సైకిలు ఉంటుంది. చిన్నవాడంటే ఆమె మరిది. రాత్రి డ్యూటీ చేసి తెల్లవారుజామున వచ్చి, బండిని నడవలో పెట్టి పడుకున్నాడంటే పది దాకా లేవడు. ఆ బండి మీద ఈగను కూడా వాలనివ్వడు. అయినా తండ్రి కోసం హ్యాండిల్‌కి తాళం వెయ్యకుండా వదిలేస్తాడు. ఎందుకంటే పొద్దున్నే లేచి ఆ బండిని బయటికి నెట్టి గోడవార నిలబెట్టడం మామగారి వంతు. అక్కడి నేల మెత్తన, సైడ్ స్టాండ్ మట్టిలోకి దిగిపోతుంది. అందుకని స్టాండ్ కింద అరచేయంత చెక్క ముక్క పెట్టాలి. బండి బయటికి, చెక్క స్టాండ్ కిందికి, ఆ తర్వాతే ఆయన స్నానం. ఆరేళ్లుగా ఒక్క పూట తప్పింది లేదు.

మొన్న మంగళవారం తప్పింది. నడుం నొప్పితో నిద్రపట్టక ఆలస్యంగా లేచి, ఆయన నేరుగా స్నానాల గదిలోకి వెళ్లిపోయారు. ఏడింటికల్లా మిషన్ తీసుకెళ్లడానికి యూనిఫారాలు కుట్టే ఆవిడ మనిషిని వెంటబెట్టుకుని వస్తానంది. చూస్తే నడవలో బండి అడ్డం. పెద్దాయనకు ఇవాళైనా ఆ బరువు తప్పిద్దామనుకుంది కోడలు. అనుకోవడం మంచిదే, ఎవరు కాదంటారు?

చీపురు పక్కన పడేసి, రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని, మెట్టు మీదినుంచి మెల్లగా దించి, గోడవారకు చేర్చి, కాలితో స్టాండ్ వేసింది. ఇంతేనా, దీనికి రోజూ ఇంత హడావుడా అనుకుంది. ఆ మిడిసిపాటులో చెక్క ముక్క సంగతి మతికే రాలేదు. రోజూ కళ్లెదురుగా చూస్తున్నదే. చేతులు దులుపుకుంటూ రెండడుగులు వేసి వెనక్కి చూసేసరికి, బండి తీరిగ్గా, కునుకు తీసే మనిషిలా, ఆమె వైపే వాలుతోంది. పరుగెత్తి పట్టుకోబోయింది. ఆ బరువును ఆపడం ఆమె తరమా? కాలు పెట్టే కమ్మీ మోకాలి కింద ఎముకకు తగిలింది, కాలు లాక్కుంది, బండి ధనాల్న పడింది. అద్దం పగిలింది. క్లచ్ లివర్ వంకరపోయింది. పెట్రోలు టాంకుకు అరచేయంత సొట్ట పడింది.

ఆమె కుంటుతూ వచ్చి గడపలో నిలబడింది. అంతలో లోపలినుంచి, నిద్రలో ఉన్న చిన్నవాడు తప్ప, అందరూ పరుగెత్తుకొచ్చారు. ముందు మామగారు, తడి తలతో, భుజాన తువ్వాలుతో. ఆయన వెనక పెద్దవాడు, అంటే ఆమె భర్త, సగం గడ్డం గీసుకుని. శబ్దం విని బయటికొచ్చిన వాళ్లలో ఆమె కూడా ఒకతెలా కనబడింది.

"మామయ్యా..." అని మొదలుపెట్టేలోపే ఆయన చెక్క ముక్క వైపు చూశారు. అది గోడ మూలన ఎక్కడిదక్కడే ఉంది. తడి జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, మెల్లగా, తనలో తను అనుకున్నట్టుగా అన్నారు. "చెక్క పెట్టలేదా నేను?"

ఇదుగో, ఇక్కడే ఆ అర నిమిషం. ఆమె నోరు తెరిచింది. భర్త ముఖం చూసింది. బండి చూసింది. మరిది లేచి చూస్తే ఏమంటాడో ఊహించుకుంది. ఈలోపు భర్త, "ఇంకెవరు పెట్టాలి నాన్నా?" అనేశాడు. ఆమె నోరు మూసుకుంది.

అది అద్దంతో పోయే వ్యవహారమైతే ఇంత కథ లేదు. పెద్దవాడు మూడు నెలలుగా తండ్రిని మిషన్ల పని మానెయ్యమని పోరుతున్నాడు. అతను చెడ్డవాడని కాదు, భయస్తుడు. ఆమధ్య మామగారు ఒకరి మిషన్ ఇంకొకరికి ఇచ్చేశారు. ఇంకోసారి టీ గిన్నె పొయ్యి మీద పెట్టి మరచిపోతే గిన్నె నల్లగా మాడి కూర్చుంది. ఆ రెండింటి మీదా ఇప్పుడీ మూడోది వచ్చి పడింది. వీధిలో ఆడుకునే పిల్లలెవరైనా ఆ బండి కింద ఉండి ఉంటేనో అన్నాడు పెద్దవాడు. బజారులో ఉన్న కుట్టుమిషన్ల మెకానిక్ శనివారం సాయంత్రం మనిషిని పంపి ఆరు మిషన్లూ, పనిముట్ల పెట్టే తీసుకుపోతాడని ఆ మధ్యాహ్నానికే మాట్లాడి వచ్చాడు. మామగారు ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే కోడలికి కాస్త ఊపిరాడేది.

మరిదైనా రంకెలు వేస్తే బాగుండును. అతను లేచి వచ్చి, సొట్ట మీద చెయ్యి పెట్టి చూసుకుని, ఒక్క మాట కూడా అనకుండా లోపలికి పోయాడు. అంతా అయిపోయిందనుకున్నారు. మర్నాడు పొద్దున మామగారు అలవాటుగా నడవలోకి వెళ్లి బండి మీద చెయ్యి వేస్తే హ్యాండిల్ తిరగలేదు. తాళం వేసి ఉంది. ఆయన రెండోసారి తిప్పి చూసి, చెయ్యి తీసేసి, తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లారు. కోడలు వంటగది గుమ్మంలోంచి అది చూసింది.

మరి అప్పుడైనా చెప్పొచ్చుగా అంటారు. చెప్పొచ్చు. మొదటి రోజు భయం అడ్డొచ్చింది. రెండో రోజు, నిన్ననే ఎందుకు చెప్పలేదని అడుగుతారన్న సిగ్గు అడ్డొచ్చింది. మూడో రోజుకు అవి రెండూ కలిసి గొంతు మీద కూర్చున్నాయి. కాలి మీది దెబ్బ కమిలి నల్లబడితే, మంచంకోడు తగిలిందని భర్తతో చెప్పింది. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకొకటి.

అన్నిటికంటే ఆమెను కాల్చుకు తిన్నది వేరే ఉంది. మంగళవారం మామగారు "పెట్టలేదా?" అన్నారు. బుధవారం, "పెట్టలేదురా, నాదే పొరపాటు" అని చిన్నవాడితో ఒప్పేసుకున్నారు. గురువారం యూనిఫారాల ఆవిడ మళ్లీ వచ్చి, బండి ఎలా పడిందని అడిగితే, ఆయన కుర్చీలో ముందుకు జరిగి, కోడలు వింటుండగానే కథంతా చెప్పారు. పొద్దున్నే బండి బయటికి నెట్టాననీ, హ్యాండిల్ చల్లగా తగిలిందనీ, చెక్క కోసం వంగబోతే నడుం పట్టేసిందనీ, సరే స్నానం చేసి వచ్చి పెడదామనుకుని మరచిపోయాననీ చెప్పారు. చెప్తూ చెప్తూ ఎలా వంగారో వంగి చూపించారు కూడా. ఆయన అబద్ధం ఆడటం లేదు. ఆరేళ్ల పొద్దులన్నీ కలిసిపోయి, అందులోంచి ఏదో ఒక పొద్దు లేచి వచ్చి మంగళవారంలో కూర్చుంది. కోడలు అంతా వింది. నా తప్పుకు ఈయన జ్ఞాపకాలు పుట్టించుకుంటున్నారు, నేను చూస్తూ ఊరుకున్నాను అనుకుంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

శనివారం సాయంత్రం మెకానిక్ పంపిన మనిషి రానే వచ్చాడు. మామగారు అప్పటికే ఆరు మిషన్లనీ తుడిచి, దేనికి ఏం జబ్బో కాగితాల మీద రాసి, ఒక్కోదానికి ఒక్కోటి కట్టి ఉంచారు. అల్లుడింటికి పిల్లను పంపుతున్నట్టు ఉంది ఆయన వాలకం. ఆ మనిషి మొదటి మిషన్ ఎత్తి భుజాన పెట్టుకోబోయాడు.

"ఆగండి. బండి పడేసింది నేను" అంది కోడలు.

ముందుగా చిన్నవాడు నవ్వాడు. మెట్టు దించడానికే మగవాళ్లం ఆపసోపాలు పడతాం, నువ్వెక్కడ కదిలించావు వదినా అన్నాడు. భర్తకు నవ్వు రాలేదు. నాన్న మీద జాలితో తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావు, ఇలాంటివి పని చెయ్యవన్నాడు. చూశారా, నాలుగు రోజుల కిందట ఒక్క మాటతో పోయేది, ఇప్పుడు నిజం చెబుతానన్నా నమ్మే దిక్కు లేదు.

ఆమె ఇంక మాట పెంచలేదు. చీర కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని, మోకాలి కింద కమిలిన చోటు చూపించింది. మంచంకోడు తగిలితే అలా కమలదని ఎవరికైనా తెలుస్తుంది. కమ్మీ తగిలిన గీత అడ్డంగా, స్కేలు పెట్టి గీసినట్టుంది. మంగళవారం ఆయన బండి ముట్టుకోనే లేదనీ, లేవగానే స్నానానికి వెళ్లారనీ, తనే నెట్టి, తనే చెక్క మరచిపోయి, తనే పడేసి, తనే నోరు మూసుకుందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చెప్తుంటే ఏడుపొచ్చింది. ఏడిస్తే జాలిపడతారేమోనని, పళ్ల బిగువున ఆపుకుంది.

భర్త ముఖం పాలిపోయింది. మెకానిక్ మనిషిని బయటికి తీసుకెళ్లి ఏదో సర్దిచెప్పి పంపేసి వచ్చాడు. చిన్నవాడు జేబులోంచి బండి తాళంచెవి తీసి, చేతిలో అటూ ఇటూ తిప్పి, "నాతో చెప్పుంటే రెండు తిట్టి ఊరుకునేవాణ్ణి కద వదినా. నాన్నతో నాలుగు రోజులు మాట్లాడలేదు నేను" అన్నాడు. ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. తగలాల్సిందే అనుకుందామె.

అయినా ఆమెకు ఎక్కడో ఒక ఆశ ఉంది. మామగారు తేలికపడతారని. హమ్మయ్య, నా బుర్ర బాగానే ఉంది అంటారని. కోప్పడతారేమో, పడనీ. ఆయన వైపు తిరిగింది.

ఆయనకు కోపం లేదు. మిషన్‌కి కట్టిన కాగితం విప్పుతూ, విప్పడం మధ్యలో ఆపి, అర్థంకాని లెక్క చెప్పించుకునే పిల్లాడిలా చూశారు.

"అయితే నేను బండి నెట్టలేదా?"

"లేదు మామయ్యా."

"కానీ నెట్టినట్టు నాకు గుర్తుందమ్మా. హ్యాండిల్ చల్లగా తగిలింది. నడుం పట్టేసింది. అన్నీ గుర్తున్నాయి. మరి అదేంటి?"

మీకు గుర్తున్నది ఇంకో రోజుది మామయ్యా, రోజూ చేసే పనే కదా, ఎవరికైనా అలాగే కలిసిపోతుంది అని ఏదో అంది. అది నిజమే. ఆయన బుర్ర ఊపారు. ఒప్పుకున్నట్టు కాదు, కోడలు బాధపడుతోంది కదా అని. అప్పటికి ఆమెకు తెలిసొచ్చింది. మంగళవారమే చెప్పి ఉంటే అది ఒక పగిలిన అద్దం. ఇవాళ చెప్తే, తను చెయ్యని పనిని చేసినట్టు గుర్తుపెట్టుకున్న మనిషినని ఆయనకు రుజువు చేసి చూపించినట్టయింది.

పని మాత్రం ఆగలేదు. పెద్దవాడు ఆ ఊసే మళ్లీ ఎత్తలేదు. సోమవారం పొద్దున మామగారు ఆ ఆరు మిషన్లలో మొదటిది ముందేసుకుని విప్పి, తుడిచి, బిగించి, కోడలిని పిలిచారు. ఆమె వచ్చి కూర్చుని గుడ్డపీలిక పెట్టబోతుంటే, ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టారు.

"అడుగున స్క్రూ బిగించానా లేదా, చూసి చెప్పమ్మా."

నలభై ఏళ్లలో ఆయన ఆ మాట ఎవరినీ అడిగి ఎరగరు. ఇప్పుడే బిగించడం ఆమె కళ్లారా చూసింది. బిగించారు మామయ్యా అంది. నూనె వేశానా అన్నారు. వేశారంది. బెల్టు? మార్చారంది. ఆమె చెప్పిన ప్రతిదానికీ ఆయన ఆమె ముఖం వైపు చూసి, నమ్మి, తరవాతదానికి వెళ్లారు. ఇల్లంతటిలో ఆయన అడగడానికి ఎంచుకున్నది తననే. అలా నమ్ముతుంటే ఆమెకు తలెత్తబుద్ధి కాలేదు. మిషన్ పక్కకు వంచి, స్క్రూడ్రైవర్ తీసుకుని, అడుగున ఉన్న స్క్రూను ఒకసారి తనే తిప్పి చూసింది. గట్టిగానే ఉంది. "బిగించారు మామయ్యా" అని మళ్లీ చెప్పింది.