నేను బయటపెట్టిన మాట

ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి ఉద్యోగం నుంచి దిగాక, ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ, పేరు హవా, నన్ను బతకనివ్వదని నాకు ముందే తెలుసు. నేను వంటింట్లో కాలు పెడితే "అది ముట్టుకోకండి", హాల్లో కూర్చుంటే "అక్కడ ఊడవాలి లేవండి". అందుకే ఆ ఏడు మెథడిస్టు చర్చి నుంచి హిలరీ అనే ఆవిడ మా మసీదుకు వచ్చి, "కాలేజీలో అన్ని మతాల పిల్లలకూ తోడుగా కూర్చునే మనుషులు కావాలి, మీలో ఎవరైనా వస్తారా?" అని అడిగినప్పుడు, అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. భక్తితో కాదు, హవా భయంతో.

మాది ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఒకప్పుడు మిల్లులుండిన ఊరు. కాలేజీ అంటే పెద్ద చదువుల చోటు కాదు. తాపీపని, వడ్రంగం, క్షవరం, ముసలివాళ్లను చూసుకునే పని, ఇలా చేతిలో పని నేర్పే కాలేజీ. బడిలో నెగ్గలేక వచ్చినవాళ్లు, కొత్తగా దేశంలో అడుగుపెట్టి ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు, పిల్లల తల్లులు, అందరూ అక్కడే. కాలేజీవాళ్లు మాకిచ్చిన గది మొన్నటిదాకా క్షవరం నేర్పే గది. తల కడిగే పింగాణీ తొట్లు రెండు పీకకుండా వదిలేశారు. మా కుర్రాళ్లు శుక్రవారం నమాజుకు ముందు అందులోకి కాళ్లెత్తి కడుక్కుంటుంటే, గుడి తరఫున వచ్చే కోకిలాబెన్ చూసి, "యాకూబ్ భాయ్, మీవాళ్లు కాళ్లకు షాంపూ పెట్టించుకుంటున్నారా?" అని నవ్వేది. ఇలా తోడుగా కూర్చునేవాళ్లను అక్కడ చాప్లెన్ అంటారు. ఆ మాట పిల్లల నోట్లో పడి 'చాచా-ప్లెన్' అయింది. నాకు ఆ పేరు నచ్చింది.

గదిలో కూర్చోబోయే ముందు హిలరీ మాకు ఆరు శనివారాలు పాఠం చెప్పింది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మధ్యలో దూరకపోవడం, మన మతం అంటగట్టకపోవడం. అన్నిటికంటే ముందు, ఆ గదిలో విన్నది ఆ గది దాటకూడదు. ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే తప్ప. కాగితం మీద సంతకం పెట్టించుకుంది. నేను పెట్టాను. బస్సులో వెనక సీట్లవాళ్ల మాటలు ముప్పై ఏళ్లు విని ఎవరికీ చెప్పనివాణ్ని, ఇదేం కష్టం అనుకున్నాను.

నూమాన్ మొదటిసారి వచ్చింది అక్టోబరులో ఒక మంగళవారం. నూమాన్ అతని అసలు పేరు కాదు, వాళ్ల నాన్న పేరూ మార్చాను. వడ్రంగం రెండో ఏడు చదువుతున్నాడు. పద్దెనిమిదేళ్లు. వాళ్ల నాన్న సులేమాన్, నేను ఒకే డిపోలో పనిచేశాం, ఒకే మసీదులో ఒకే వరసలో నిలబడతాం. వాళ్లమ్మ ఆ మార్చిలో పోయింది. ఆమె జనాజాను మోసినవాళ్లలో నేనూ ఉన్నాను.

"చాచా, ఇక్కడ కూర్చుంటే నమాజు చెయ్యాలా?" అన్నాడు గుమ్మంలోనే.

"కూర్చోడానికి కుర్చీ చాలు బేటా," అన్నాను.

ఆ రోజు చేతికి అంటిన రంపపు పొట్టు గిల్లుకుంటూ గంట కూర్చుని వెళ్లాడు. రెండో మంగళవారం మాట్లాడటం మొదలుపెట్టాడు. అయిదు వారాలు వచ్చాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. ఒక్క ముక్క మాత్రం నా వల్ల ఊరంతటికీ తెలిసిపోయింది కాబట్టి దాచి లాభం లేదు. అమ్మ పోయినప్పటి నుంచి అతను నమాజు చెయ్యలేకపోతున్నాడు. ఇంట్లో మాత్రం, "కాలేజీలో చేసుకుంటున్నా" అని చెబుతున్నాడు.

నేను బాగానే విన్నాను. హిలరీ నేర్పినట్టే విన్నాను. అయిదో వారం వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నాకు ఇక్కడ ఊపిరాడుతుంది చాచా," అన్నాడు. ఆ మాట నాకు తలకెక్కింది. ఇంటికెళ్తూ దారంతా అదే తలచుకున్నాను. ఈ పనికి నేనే పుట్టాననుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం నమాజయ్యాక మసీదులో, చెప్పుల అరల దగ్గర, పదిమందిమి నిలబడి ఉన్నాం. బయట వాన. ఎవరో కాలేజీ ప్రస్తావన తెచ్చారు. సులేమాన్ నవ్వుతూ అందుకున్నాడు.

"మన యాకూబ్ పెద్ద పాదిరి అయిపోయాడు తెలుసా? చర్చి ఆవిడతో టీ తాగడం, గుడి ఆవిడతో బిస్కెట్లు తినడం. అయ్యా పాదిరిగారూ, ఏడాదయింది కదా, మన పిల్లల్లో ఒక్కడినైనా బాగుచేశావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో ఆగితే సరిపోయేది.

"బాగుచెయ్యడం కాదు సులేమాన్, వినడం మా పని," అన్నాను.

"వినడానికి నువ్వెందుకు? నా కొడుకుని చూడు. తల్లి పోయినా ఒక్క పూట నమాజు తప్పలేదు. నీ గదికొచ్చి నీతో కబుర్లు చెప్పాడా? ఇంట్లో పెంపకం ఉంటే పాదిరులతో పనేంటి?"

మళ్లీ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా జవాబు ఒకటే. ఆ కుర్రాడికి సాయం చేద్దామని నోరు తెరవలేదు. నేను గెలవాలని తెరిచాను.

"నీ కొడుకు నమాజు మానేసి ఎన్ని నెలలయిందో నీకు తెలుసా?" అన్నాను. "నాకు తెలుసు. ప్రతి మంగళవారం నా ఎదురుగా కూర్చుని ఏడుస్తాడు. నీ పెంపకంలో నీకు చెప్పలేనిది నాకు చెబుతాడు."

నవ్వు ఆగిపోయింది. సులేమాన్ ముఖం చూడలేకపోయాను. అతను ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే వానలోకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే వాళ్లింట్లో నూమాన్ తల్లి పేరిట ఖురాన్ చదివిస్తున్నారు. నన్నూ పిలిచారు, నేను వెళ్లలేదు. కడుపులో బాగాలేదని కబురు పంపాను. జరిగింది హవా ఆడవాళ్ల గదిలోంచి విని వచ్చి చెప్పింది. చుట్టాలందరి ముందూ సులేమాన్ కొడుకు చేతిలో ఖురాన్ పెట్టి, "చదువు. మీ అమ్మ కోసం చదవడానికి నోరు రాదట కదా. యాకూబ్ చాచా దగ్గర ఏడవడానికి వస్తుందట కదా," అన్నాడట. కుర్రాడు గ్రంథాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చొక్కాతోనే బయటికి వెళ్లిపోయాడట. కోటు కూడా తీసుకోలేదట.

హవా నా ఎదురుగా నిలబడింది. "ఆ పిల్లాడి మాట ఆ ఇంటికి ఎలా చేరింది?"

"మసీదులో మాటా మాటా వచ్చింది."

"అడిగింది అది కాదు. మీరు చెప్పారా?"

"చెప్పాను."

హవా పళ్లెంలో అన్నం పెట్టి, నా ముందు ఉంచి, పై గదిలోకి వెళ్లిపోయింది.

మంగళవారం కుర్చీ వేసి కూర్చున్నాను. రాలేదు. మరుసటి మంగళవారమూ రాలేదు. వడ్రంగం నేర్పే ఆయన్ని అడిగితే, "పేరు తీయించేసుకున్నాడు. చేతిలో మంచి పనితనం ఉన్న కుర్రాడు, పాపం. ఇంట్లో ఏదో గొడవట, మీకేమైనా తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. అది రెండో తప్పు.

మూడోది హిలరీ దగ్గర. నెలాఖరు సమావేశంలో అందరి పనీ అడుగుతూ నా వంతు వచ్చేసరికి, "మీ మంగళవారం అబ్బాయి ఎలా ఉన్నాడు యాకూబ్?" అంది. ఆమె ఎవరి పేరూ అడగదు, వివరం అడగదు. ఎలా ఉన్నాడని మాత్రమే అడుగుతుంది.

"పని ఎక్కువైంది వాడికి, రావడం లేదు," అన్నాను.

"మంచిదే. మన అవసరం లేకపోవడమే కదా కావాల్సింది," అని నవ్వి, నాకు అల్లం కేకు ముక్క ఇచ్చింది. ఆ ముక్కను చేతి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఇంటికి పోతూ బస్ స్టాపులో పావురాలకు వేశాను.

మూడు వారాలు దాచాను. నిద్రలో కాదు, పట్టపగలే అతని గొంతు వినిపించేది. ఇక్కడ ఊపిరాడుతుంది చాచా. ఆ ఊపిరి నేనే తీసేశాను. చివరికి ఒక బుధవారం పొద్దున హిలరీ చర్చి వెనక పంచే తిండి సామాన్లు సర్దుతుంటే వెళ్లి, డబ్బాలు అందిస్తూ మొత్తం చెప్పాను. మసీదు మాట, నేనాడిన అబద్ధం, అన్నీ.

ఆమె చేతిలో చిక్కుళ్ల డబ్బా అలాగే ఉండిపోయింది.

"అతని ప్రాణానికేమైనా ముప్పుందా? అది ముందు చెప్పండి."

"లేదు. వాళ్ల మేనత్త ఇంట్లో ఉన్నాడట, పక్క ఊళ్లో. పరుపుల కార్ఖానాలో పనికి కుదిరాడని హవా కనుక్కుంది."

అప్పుడు కూర్చుంది. "ఈ గది కోసం నేను నాలుగేళ్లు తిరిగాను యాకూబ్. మసీదు పెద్దలు అడిగిన ప్రశ్న ఒక్కటే. మా పిల్లల రహస్యాలు మీ చర్చికి చేరవు కదా అని. చేరవని మాటిచ్చాను. మీ వైపు నుంచి పోతుందని నాకు తట్టలేదు."

"నన్ను తీసెయ్యండి."

"అది మీకు తేలికైన దారి," అంది. కోపంగా కాదు, అలసటగా. "కాలేజీకి నేను చెప్పి తీరాలి. ఈస్టర్ దాకా మీరు ఆ గదిలోకి రావద్దు. తర్వాత సంగతి వాళ్లూ నేనూ చూస్తాం. కానీ యాకూబ్, ఇకమీదట ఎంతమంది గుమ్మం దాకా వచ్చి నోరు మూసుకుని వెనక్కి పోతారో, ఆ లెక్క మనకెప్పటికీ తెలియదు."

ఆ మాటకు బదులు నన్ను తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

మర్నాడే పక్క ఊరికి బస్సెక్కాను. ఆ దారిలో నేను పదకొండేళ్లు బండి నడిపాను. ఆ రోజు మాత్రం మలుపులన్నీ కొత్తగా ఉన్నాయి. కార్ఖానా గేటు దగ్గర భోజనాల వేళ నిలబడ్డాను. నూమాన్ వచ్చాడు. జుట్టునిండా పరుపుల దూది. చేతిలో వెనిగర్ చల్లిన వేడి చిప్స్ పొట్లం. నన్ను చూసి ఆగాడు. వెనక్కి పోతాడనుకున్నాను. గోడ పక్కకు వచ్చి నిలబడి తింటూ,

"ఎవరు పంపారు? మా నాన్నా?" అన్నాడు.

"ఎవరూ పంపలేదు. తప్పు చేశాను బేటా. నీ మాట బయట పెట్టాను. అదే చెప్పడానికొచ్చాను."

"నాకు తెలిసిందేగా అది. కొత్తగా చెప్పడానికేముంది?"

"నీ మేలు కోరి చెప్పలేదు. మీ నాన్న నన్ను ఎగతాళి చేస్తే, రోషమొచ్చి చెప్పాను."

అతను తినడం ఆపాడు. మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. "ఇది నిజం," అన్నాడు. "నా మంచికే చెప్పానంటారనుకున్నా. అలా అనుంటే ఈ చిప్స్ మీ మొహాన కొట్టేవాణ్ని చాచా."

"కొట్టు."

"వద్దులే. వెనిగర్ ఎక్కువ పోయించుకున్నా, కళ్లు మండుతాయి."

అతను నవ్వలేదు, నేనూ నవ్వలేదు.  పని గంట మోగింది.

"మీ నాన్నకు నేనేమైనా చెప్పనా?" అన్నాను.

"మీరా?" అన్నాడు. "ఇంకా చెబుతారా?"

 అతను పొట్లం నలిపి చెత్తబుట్టలో వేసి లోపలికి వెళ్లిపోయాడు.

సులేమాన్ దగ్గరికి మాత్రం నా తరఫున నేను వెళ్లాను. కొడుకు మాట ఒక్కటీ ఎత్తలేదు. "నేను చెప్పకూడనిది చెప్పాను, నిన్ను పదిమందిలో కించపరిచాను," అన్నాను. అతను తలుపు సగమే తెరిచాడు. "పదిమందిలో నువ్వు నన్ను, పదిమందిలో నేను వాణ్ని," అన్నాడు. "పో యాకూబ్. ఇప్పుడు కాదు." తలుపు వేసేశాడు. లోపల గొళ్లెం పెట్టిన చప్పుడు మాత్రం వినపడలేదు.

తండ్రీ కొడుకులు ఎలా కలిశారో నాకు తెలియదు, తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు. రంజాన్ పండగనాడు ఇద్దరూ పక్కపక్కన నడిచి రావడం చూశాను. మరుసటి సెప్టెంబరులో నూమాన్ పక్క ఊరి కాలేజీలో మళ్లీ వడ్రంగంలో చేరాడు. చదువులో ఒక ఏడాది పోయింది. అది నా ఖాతాలోదే.

అంతకు ముందే, ఆ ఈస్టర్ అయ్యాక, హిలరీ కబురు పంపింది. కాలేజీ నన్ను ఉండనిచ్చింది, కానీ ఏడాదిపాటు ఒంటరిగా ఎవరితోనూ కూర్చోకూడదు. "కొత్తవాళ్లకు శనివారం పాఠాలు మొదలవుతున్నాయి. మొదటి పాఠం మీరు చెబుతారా?" అని అడిగింది. ఏం చెప్పమంటోందో అర్థమైంది. కానీ ఆ కథ నా ఒక్కడిది కాదు. అందుకని మళ్లీ కార్ఖానా గేటుకు వెళ్లి నూమాన్‌ని అడిగాను. 

"మీరు చేసింది చెప్పుకోండి. నేను చెప్పింది చెప్పొద్దు. నా పేరూ వద్దు," అన్నాడు.

ఆ శనివారం ఎనిమిదిమంది వచ్చారు. ఒక నర్సు, ఇద్దరు చర్చివాళ్లు, గురుద్వారా నుంచి ఒక పెద్దాయన, మిగతావాళ్లు మావాళ్లే. తల కడిగే తొట్ల పక్కన నిలబడి, చెప్పుల అరల దగ్గర నేనేమన్నానో, ఎందుకన్నానో ఉన్నదున్నట్టు చెప్పాను. రెండుసార్లు మధ్యలో ఆగి, మళ్లీ అందుకున్నాను. హిలరీ సాయానికి రాలేదు, అదే మంచిదైంది.

అంతా విన్నాక నర్సు అడిగింది. "ఆ అబ్బాయి మిమ్మల్ని క్షమించాడా?"

"నేను అడగలేదమ్మా."

"ఎందుకని?"

"అడిగితే అతను నాకు ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుంది. నాకిచ్చింది ఇప్పటికే ఎక్కువైంది."

 గురుద్వారా పెద్దాయన లేచి, మూత పెట్టిన టీ కెటిల్ స్విచ్ వేశాడు. నేను సంతకాల కాగితాలు తీసి ఒక్కొక్కరికీ పంచడం మొదలుపెట్టాను.