కారిన్‌కి ఏ తుపాకీ

ఆర్విడ్ స్టెన్స్‌లాండ్, నేనూ ఇరవై ఆరేళ్ళు ఒకే విషయం మీద పోట్లాడుకున్నాం. గ్రిజ్లీ ఎలుగులు తిరిగే చోటికి వేటకు వెళ్ళేవాడి చేతిలో 338 మాగ్నమ్ ఉండాలని నేను, కాదు 375 మాగ్నమ్ ఉండాలని వాడు. గ్లెనాలెన్ అనే చిన్న ఊళ్ళో రోడ్డు పక్కన నాకు తుపాకులు బాగుచేసే షాపు ఉంది. చలికాలం పని తక్కువ. వాడు పొద్దున్నే వచ్చి పొయ్యి పక్కన కూర్చుని మొదలుపెట్టేవాడు.

“మూడువందల గ్రెయిన్ల బరువున్న తూటారా అది. తగిలితే గోడ కూలి మీద పడ్డట్టే.”

“తగిలితే కదా. నాది యాభై గ్రెయిన్లు తక్కువైనా తిన్నగా పోతుంది, లోపలికంటా దిగుతుంది. నీది పేల్చినవాడికి పళ్ళు మిగలవు.”

“నీకు పళ్ళు ఎప్పుడున్నాయిరా వెర్న్?”

338 తూటా కంటే 375 తూటా లావు, బరువు. దాని దెబ్బ పెద్దది, పేల్చినవాడి భుజానికి తగిలే తన్నూ పెద్దదే. మేమిద్దరం ఒప్పుకున్నది ఒక్కటే. మామూలు 30-06 తుపాకీ క్యారిబూ దుప్పికి చాలు, గుర్రమంత ఎత్తుండే మూస్‌కి చాలు, ఎలుగుకి మాత్రం చాలదు. ఆర్విడ్ ఈ మాట ఊరికే అనేవాడు కాదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో వాడు 30-06తో ఒక ఎలుగుని నాలుగుసార్లు కొట్టాడు. ఐదో తూటాకి అది వాడి బూట్లకి రెండడుగుల దూరంలో పడింది. ఆ రోజు గురించి వాడు నాకు ఒక్కసారే చెప్పాడు, అది కూడా నా మొహం చూడకుండా.

వాడికి ఒక్కతే కూతురు, కారిన్. తల్లి మారిట్ జబ్బుచేసి పోయినప్పుడు ఆమెకి పదకొండేళ్ళు. తల్లి వాడిన 30-06 ఆమెకి వచ్చింది. ఆ పిల్ల క్యారిబూని కొట్టడానికి రెండో తూటా వాడగా నేను చూడలేదు. పెద్దయ్యాక టోబీని పెళ్ళాడింది. టోబీ వాల్డీజ్ అనే రేవు ఊరివాడు, రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు, నెమ్మదైన మనిషి. ఏటా సెప్టెంబరులో ఇద్దరూ గుల్కానా నది ఎగువకి మూస్ వేటకి వెళ్ళేవారు.

ఆమెకి ముప్ఫై నిండిన మార్చి నెలలో ఆర్విడ్ ఆమెని వెంటబెట్టుకుని షాపుకి వచ్చాడు. పుట్టినరోజుకి పెద్ద తుపాకీ కొనిపెడతానన్నాడు. మళ్ళీ 338, 375 అని అరగంట వాదించుకున్నాం. ఆమె కౌంటర్ మీద మోచేతులు ఆనించి మమ్మల్ని చూస్తూ నవ్వుతోంది.

“నన్నెవరైనా అడుగుతారా?” అంది. “నాకు అమ్మ తుపాకీ బాగానే ఉంది.”

“అది చాలదు” అన్నాం ఇద్దరం ఒక్కసారే.

చివరికి కొనేవాడు వాడు కాబట్టి 375 కొన్నాడు. తల్లి తుపాకీని ఆమె టోబీకి ఇచ్చింది.

ఏప్రిల్‌లో మంచు కరిగాక ముగ్గురం దాన్ని పేల్చి చూడడానికి కంకర గుంట దగ్గరికి వెళ్ళాం. ఆమె నాలుగు తూటాలు కాల్చింది. రెండు గురి అట్టకి తగిలాయి, రెండు ఎటు పోయాయో తెలియలేదు. ఆర్విడ్ కాఫీ ఫ్లాస్కు కోసం బండి దగ్గరికి వెళ్ళాడు. నాకెందుకో అనుమానం వచ్చి, మందు లేని ఉత్త తూటా ఒకటి లోపల పెట్టి తుపాకీ ఆమెకి అందించాను. ఆమె గురి చూసి ట్రిగ్గర్ నొక్కింది. టిక్కుమంది. తుపాకీ పేలకపోయినా, తన్నుతుందన్న బెదురుతో గొట్టం జానెడు కిందికి దిగిపోయింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

కళ్ళు తెరిచి నన్ను చూసింది. నేను చూశానని ఆమెకి అర్థమైంది.

“నొప్పిగా ఉందా అమ్మా?”

ఆమె చొక్కా కాలరు పక్కకి లాగింది. భుజం నుంచి మెడ దాకా నల్లగా కమిలిపోయింది. “అలవాటైపోతుందిలెండి. నాన్నకి చెప్పకండి అంకుల్. ఎంత సంబరపడుతున్నాడో చూశారుగా.”

ఆర్విడ్ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. “ఎలా ఉందిరా తల్లీ?”

“బాగుంది నాన్నా.”

నేను నోరు మెదపలేదు. చెబితే వాడు ‘మళ్ళీ నీ 338 పాట మొదలెట్టావా’ అంటాడని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే కానీ అసలు సంగతి అది కాదు. ఆమె చేతిలో 338 పెట్టినా కళ్ళు మూసుకునేదే. ఆమెకి తగినది తల్లి తుపాకీయే. ఆ మాట అంటే వాడితోపాటు నేనూ ఓడిపోతాను. ఇరవై ఆరేళ్ళ వాదన నాకు అంత ముద్దయింది.

సెప్టెంబరు మూడో వారంలో టోబీ ఒక మూస్‌ని కొట్టాడు. తర్వాత జరిగినదంతా కారిన్ పోలీసులకు చెప్పింది, ఆ తర్వాత ఒకసారి నాకు చెప్పింది. మధ్యాహ్నం మూడు దాటింది. టోబీ మోకాళ్ళ మీద కూర్చుని మాంసం కోస్తున్నాడు. అతని 30-06 పక్కనున్న విల్లో పొదకి ఆనించి ఉంది. ఆమె 375 పట్టుకుని కాపలా నిలబడింది. వాగు వైపు నుంచి ఎలుగు వచ్చింది. ఆమె కేక వేసింది. అది ఆగలేదు. ముప్ఫై అడుగుల దూరంలో ఆమె పేల్చిన మొదటి తూటా దాని ముందు నేలలో దిగింది. రెండోది వెనక కాలికి తగిలింది. అప్పటికే అది టోబీ మీద ఉంది.

ఆమె 375ని కింద పారేసింది. పొద దగ్గరికి పరుగెత్తి తల్లి తుపాకీ అందుకుంది. నాలుగు అడుగుల దగ్గరికి వెళ్ళి ఎలుగు చెవి వెనక ఒక్కసారి పేల్చింది. అది అక్కడే కూలింది.

వెంట ఉన్న శాటిలైట్ ఫోన్‌లో సహాయం కోసం కబురు పంపింది కానీ హెలికాప్టర్ రావడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ సమయంలో టోబీ గంటసేపు బతికున్నాడు. మధ్యలో ఒకసారి స్పష్టంగా మాట్లాడాడట. “ఈగలు వాలతాయి కారిన్, మాంసం మీద గుడ్డ కప్పు” అన్నాడట. ఆమె లేచి వెళ్ళి కప్పి వచ్చింది.

ఊళ్ళో నెల రోజులు తూటాల గురించే మాటలు. ఊరి హోటల్లో ఒకడు మెత్తటి తూటా వాడుండాలంటాడు, ఇంకొకడు గట్టిదంటాడు. ఆ అమ్మాయి గురి తప్పిందన్న మాట మాత్రం ఎవరూ అనలేదు. అది మర్యాదే, కాదనను.

ఆర్విడ్ రోజూ నా షాపుకి వచ్చేవాడు. పొయ్యి పక్కన కూర్చునేవాడు కాదు, నిలబడే మాట్లాడేవాడు. “270 గ్రెయిన్లదైతే ఇంకాస్త వేగంగా పోయేదేమో. ఏమంటావు?” అనేవాడు. మర్నాడు, “నీ 338 అయితే సరిపోయేదారా? నిజం చెప్పు, నేనేమీ అనుకోను” అనేవాడు. ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ అనని మాట అది. నేను ఏదో ఒకటి చెప్పి పంపేసేవాణ్ణి.

అక్టోబరు చివర ఆ తుపాకీనే తెచ్చాడు. “గురి చూసే స్కోప్ పక్కకి జరిగి ఉంటుంది. చూడు. ఖచ్చితంగా జరిగే ఉంటుంది.”

కంకర గుంట దగ్గర ఇసుక సంచుల మీద పెట్టి నేనే మూడు తూటాలు కాల్చాను. వంద గజాల్లో మూడూ కాఫీ కప్పు మూత కింద దాగిపోయేంత దగ్గరగా పడ్డాయి. వాడు అట్ట దగ్గరికి నడిచి వెళ్ళి, ఆ మూడు రంధ్రాల మీద వేలు పెట్టి నిలబడ్డాడు. తుపాకీలో దోషం లేదు. వాడు వెతుక్కుంటూ వచ్చిన ఆఖరి ఆశ కూడా పోయింది.

“ఆర్విడ్, నీకొకటి చెప్పాలి” అన్నాను. ఉత్త తూటా సంగతి, కమిలిన భుజం సంగతి, ఆమె నన్ను చెప్పవద్దన్న సంగతి అంతా చెప్పాను.

వాడు వెనక్కి తిరగలేదు. “ఎప్పుడు చూశావు?”

“ఏప్రిల్‌లో.”

“ఏప్రిల్” అన్నాడు. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. ఐదు నెలలు. తుపాకీ నా చేతిలోనే వదిలేసి బండెక్కి వెళ్ళిపోయాడు.

చలికాలమంతా నాతో మాట్లాడలేదు. ఫిబ్రవరిలో ఒక రోజు షాపులోకి వచ్చి, టోపీ తీయకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“దాన్ని అడిగాను. నాతో ఎందుకు చెప్పలేదే అని” అన్నాడు.

“ఏమంది?”

“‘నువ్వు భయపడుతున్నావు నాన్నా. నీ భయం తగ్గాలని ఆ తుపాకీ మోశాను’ అంది. నాకు భయమని దానికి తెలుసురా. నేను దాన్ని కాపాడుతున్నాననుకున్నాను.”

కాఫీ పోశాను. తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఏప్రిల్‌లో కారిన్ ఇల్లు ఖాళీ చేసి వాల్డీజ్‌లో టోబీ తల్లి లూసీల్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆర్విడ్ ఆదివారాలు అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. మే నెలలో ఒకసారి కనుమ మీద ఇంకా మంచు పడుతోందని, తోడు రమ్మని నన్ను పిలిచాడు.

లూసీల్ తలుపు తీసింది. కొడుకుని పోగొట్టుకున్న మనిషి, మమ్మల్ని చూడగానే తలుపు వేసేస్తుందనుకున్నాను. “చలిలో నిలబడతారేం, లోపలికి రండి. చేపల సూపు ఉంది” అంది. వడ్డిస్తూ ఆర్విడ్‌తో, “క్రితం వారం మీరు సరిగా తినలేదు. ఈసారి గిన్నె ఖాళీ చేస్తే గాని లేవనివ్వను” అంది.

కారిన్ చిక్కిపోయింది. నన్ను చూసి “బాగున్నారా అంకుల్” అంది. అంతే. ఆమె రేవు గురించి, కొత్తగా చేరిన పని గురించి నాలుగు మాటలు చెప్పింది. ఆర్విడ్ చెంచా పక్కన పెట్టాడు.

“భుజం ఎలా ఉందే?” అన్నాడు.

లూసీల్ చేతిలోని గరిటె ఆగింది. కారిన్ తండ్రి వంక చూసింది.

“ఇప్పుడు నొప్పి లేదు నాన్నా” అంది.

వాడు తలాడించి, మళ్ళీ చెంచా అందుకుని గిన్నె ఖాళీ చేశాడు. వచ్చేటప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చి వాడి కోటు పైబొత్తం పెట్టింది. నాతో మాత్రం చేయి కలపలేదు.

తిరుగు ప్రయాణంలో కనుమ పైన వాడు బండి ఆపమన్నాడు. దిగి, నాకు వీపు పెట్టి రోడ్డు పక్కన మంచులో నిలబడ్డాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. దిగి వెళ్ళనా వద్దా అని తేల్చుకోలేక, ఇంజను ఆపకుండా లోపలే కూర్చున్నాను.

తర్వాతి ఆదివారాలన్నీ వాడు ఒక్కడే వెళ్ళాడు. నన్ను మళ్ళీ పిలవలేదు, నేను అడగలేదు.