ఆదివారం పాఠం

మా నాన్న నన్ను మోసం చేస్తున్నాడని నా అనుమానం. ఒక్కడే కూర్చుని ఇంత పన్నాగం పన్నే శక్తి ఆయనకిప్పుడు లేదు కాబట్టి, వెనక మా చెల్లెలు ఉందన్నది ఇంకా పెద్ద అనుమానం.

నేను సిటీ బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేస్తాను. డిపోలో నా వెనకాల నన్ను పోలీసమ్మ అంటారు. అననీ, నాకేం నష్టం? ఎవరు టిక్కెట్టు కొన్నారో, ఎవరు కిటికీలోంచి బయటికి చూస్తూ నటిస్తున్నారో ఎక్కగానే చెప్పేస్తాను. నిజంగా కొన్నవాళ్లు కంగారుపడి జేబులన్నీ తడుముకుంటారు. అడక్కముందే చాపి చూపించారంటే అది నిన్నటి టిక్కెట్టో మొన్నటిదో అయ్యుంటుంది.

నాన్న అచ్చం అలాగే చేస్తున్నాడు.

ఆయన బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. మతిమరుపు జబ్బు వచ్చాక చెల్లి దగ్గరే ఉంటున్నాడు. నాకు కుదిరేది ఆదివారాలే. ఈమధ్య మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి వరండాలోంచే చెల్లికి ఫోన్ చేసి, "నాన్నకి నువ్వు చెప్పావంటే ఊరుకోను. నేనే వచ్చి చెప్తా," అని ఒట్టు వేయించుకున్నాను. నేను ఆశపడింది ఒక్కటే. ఆ మాట వినగానే నాన్న మొహం ఎలా వెలుగుతుందో నా కళ్లతో చూడాలి. అమ్మ పోయాక నా సంగతులు విని మనసారా మురిసిపోయే మనిషి ఇంకెవరున్నారు నాకు?

ఆదివారం గుమ్మంలో చెప్పులు విప్పుతున్నానో లేదో, లోపల్నుంచి నాన్న అందుకున్నాడు. "రా తల్లీ! అమ్మమ్మవయ్యావటగా! నేను ముత్తాతనయ్యాను. పాప మూడు కిలోలుందట."

ఒట్టు తీసి గట్టుమీద పెట్టిందన్నమాట మహాతల్లి! ఒళ్లు మండిపోయింది. అయినా నాన్నకి గుర్తుంది కదా అని సరిపెట్టుకున్నాను. తరవాతి ఆదివారం మళ్లీ అదే. "రా తల్లీ! అమ్మమ్మవయ్యావటగా!" అవే మాటలు, అదే వరస, ఊపిరి తీసుకునే చోటు కూడా అదే. ఆ పై ఆదివారం కావాలనే మధ్యలో అడ్డొచ్చాను.

"పాప ఎవరి పోలిక నాన్నా?"

నాన్న ఆగిపోయాడు. చెల్లి వైపు చూశాడు. చెల్లి పెదాలు కదిలాయి.

"వాళ్ల నాన్న పోలిక," అన్నాడు నాన్న.

దొరికారు దొంగలు! చెల్లిని వంటింట్లోకి లాక్కెళ్లాను. "ఏం నాటకాలే ఇవి? పెద్దాయనకి చిలక్కి నేర్పినట్టు నేర్పుతున్నావా?"

"నీకు డ్యూటీ ఎక్కువై బుర్ర చెడింది. ఇల్లు కూడా బస్సులాగే కనిపిస్తోంది. ఆ కూర దించు, మాడిపోతోంది," అంది. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

తనెంత బాగా చూసుకుంటోందో నాకు చూపించుకోవడానికే ఇదంతా అనుకున్నాను. నాన్నకి అసలు నేను గుర్తున్నానా అన్న భయం మాత్రం పట్టుకుంది. తనిఖీ అన్నది చెప్పి చేసేది కాదు. ఆ వారంలోనే ఒకరోజు పొద్దుటి డ్యూటీ దిగి, ఖాకీ కోటుతోనే చెప్పాపెట్టకుండా వెళ్లాను.

తలుపు తీసే ఉంది. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఎవరండీ? మా చిన్నమ్మాయి బట్టలు తేవడానికి మేడమీదికెళ్లింది. వచ్చేస్తుంది, కూర్చోండి."

అండీ అన్నాడు. నన్ను! 'నేను నాన్నా' అనబోయి ఆగాను. పట్టుకోవడానికే వచ్చానుగా, పూర్తిగానే పట్టుకుందామని మొండికేసి ఎదురుగా కూర్చున్నాను.

"చదువు వచ్చా మీకు?" అన్నాడు.

"వచ్చండి."

"అయితే ఓ సాయం చెయ్యండి. పాఠం అప్పజెబుతాను, తప్పులుంటే చెప్పండి."

చేతులు కట్టుకున్నాడు. చిన్నప్పుడు నేనూ చెల్లీ అలాగే ఆయన ముందు నిలబడి పాఠం అప్పజెప్పేవాళ్లం. అప్పజెబితే గానీ బడికి కదలనిచ్చేవాడు కాదు.

"రా తల్లీ. అమ్మమ్మవయ్యావటగా. నేను... నేను..."

"ముత్తాత," అందించాను.

"ఆఁ, ముత్తాత. అదొక్కటీ నిలవడం లేదండీ."

"ఎవరికి అప్పజెప్పాలి మాస్టారూ ఇదంతా?"

"మా పెద్దమ్మాయికి. వస్తుంది... ఆదివారం. మహా అనుమానం మనిషి." గొంతు తగ్గించాడు. "ఏదైనా నాకు గుర్తులేదంటే పైకి అరుస్తుందండీ. మెట్ల మీద ఏడుస్తుందట. చిన్నది చూసింది. అందుకే నేనే అడిగాను, నాకు నేర్పవే అని. అది చెప్పనని ఒట్టేశానంది. నేనే బతిమాలాను. మీరు ఎవరితోనూ అనకండి, చిన్నదాన్ని తిడుతుంది."

నేను మెట్ల మలుపు తిరిగాకే కదా ఏడ్చేది! చెల్లి అక్కడిదాకా ఎప్పుడొచ్చి చూసింది? కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. కోటు అంచు నలుపుతూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ వీళ్లని అనుమానించినందుకు సిగ్గేసింది.

గుమ్మంలో అలికిడయింది. చెల్లి చేతుల నిండా ఆరిన బట్టలతో నిలబడిపోయింది. అక్కా అని నోరు తెరవబోతే, వద్దని తలూపాను.

"నా గోలే చెబుతున్నాను," అన్నాడు నాన్న. "మీ ఇంట్లో ఏంటండీ విశేషాలు?"

కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పాను. "నాకు మనవరాలు పుట్టిందండీ."

నాన్న కట్టుకున్న చేతులు విడిపోయాయి. "ఆఁ! నిజంగానా! ఎప్పుడూ? తల్లీ పిల్లా క్షేమమేనా? అబ్బబ్బ, ఎంత చల్లటి మాట చెప్పారండీ! మా పెద్దదానికి కూడా... మా పెద్దదానికి కూడా మనవరాలేనండీ! ఒసేయ్ చిన్నమ్మాయీ, విన్నావా, ఈవిడకీ మనవరాలట!" మాట మీద మాట పడుతోంది, ఏదీ వరసలో లేదు. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేస్తున్నాడు. పళ్లు లేని నోటితో, కళ్లలో నీళ్లతో నవ్వుతున్నాడు.

చెల్లి బట్టల్లో మొహం దాచుకుంది.

"మీ నాన్నగారున్నారా?" అన్నాడు.

"ఉన్నారండీ."

"మరి ఆయనకి చెప్పారా? ముందు ఆయనకి చెప్పాలమ్మా. పొంగిపోతాడు."

"చెప్పానండీ," అన్నాను. "పొంగిపోయారు."