సైరన్‌కు గంతులేసిన వీధి

"మళ్ళీ మీరేనా అమ్మా?" అన్నాడు అంబులెన్సు డ్రైవరు, స్ట్రెచరు పట్టుకుని లోపలికి వస్తూ.

ఆ ఇంటి మెట్లు అతనికి బాగా అలవాటే. తేనెటీగ కుట్టి కూతురి చేయి వాచిందని ఒకసారి, పిల్ల ఎంత లేపినా లేవడం లేదని ఇంకోసారి పిలిచింది ఇస్త్రీ అమ్మ. లేవకేం, పరీక్షలకు చదివి చదివి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది! లాండ్రీలో హోటలు దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది కాబట్టి వీధంతా ఆమెను ఆ పేరుతోనే పిలుస్తారు. లోకంలో జరగబోయే చెడు ఏదైనా సరే, ముందు తన గుమ్మమే తొక్కుతుందని ఆమె భయం.

ఈసారి మాత్రం ఆ భయం నిజమైంది. మంచం అంచున కూర్చున్న కూతురు రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి గాలి కోసం రొప్పుతోంది. పెదాలు నీలం తిరిగాయి. మన జట్టు కప్పు గెలిచిందని మధ్యాహ్నం నుంచి కింద కాలుస్తున్న టపాకాయల పొగ కిటికీ సందుల్లోంచి దూరి, ఎప్పుడో అణిగిన ఉబ్బసాన్ని రేపింది. పీల్చే మందు అయిపోయింది. మందుల షాపు షట్టరు దించేసి ఉంది.

బండిలో నర్సు పిల్లకు మాస్కు తొడిగి, ఆక్సిజన్ సిలిండరు ముల్లు చూసింది. "ఆసుపత్రి దాకా సరిపోతుందమ్మా. దారి దొరికితే."

దారి కూడలి దాకే దొరికింది.

అక్కడ జనం ఇసుక వేస్తే రాలనట్టున్నారు. తమతో కలిసి జై కొట్టలేదన్న పాపానికి ఒక స్కూటరు మనిషిని కిందపడేసి తొక్కుతున్నారు. అతని హెల్మెట్టును బంతిలా తంతున్నారు. చెప్పుల షాపు అద్దం భళ్ళున పగిలింది. సైరన్ వినగానే తప్పుకుంటారనుకుంటే, ఆ కూతకే చేతులెత్తి గంతులేయడం మొదలుపెట్టారు. డ్రైవరు సైరన్ ఆపేశాడు.

"ఏయ్, ఆపావేంటి బాబాయ్? పెట్టు పాట!" అంటూ ఒళ్ళంతా రంగు పూసుకున్న కుర్రాడొకడు బానెట్ ఎక్కి కూర్చున్నాడు.

"దిగరా నాయనా, లోపల ప్రాణం పోతోంది!"

"పోనీ బాబాయ్, ఇలాంటి రోజు మళ్ళీ వస్తుందా?"

అందరూ విరగబడి నవ్వారు. ఎవడో తలుపు లాగి డ్రైవరు చెంప ఛెళ్ళుమనిపించాడు. ఇంకొందరు రెండు వైపులా చేరి బండిని ఉయ్యాలలా ఊపసాగారు. స్ట్రెచరు గోడకు కొట్టుకుంది. పిల్ల మొహం మీది మాస్కు జారింది. ఇక్కడే ఆగిపోవడంతో సిలిండరు ముల్లు ఎర్రగీత కిందికి దిగింది. ఇంకో సిలిండరు బిగించడానికి నర్సు పానా తీసింది కానీ, ఆ ఊపులో నిలబడలేక మోకాళ్ళ మీద పడింది.

కింద దొర్లిన పానా ఇస్త్రీ అమ్మ చేతికి అందింది.

ఎలా దిగిందో, ఎంతమందిని తోసుకుని ముందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. బరువైన ఇస్త్రీపెట్టెను పొద్దస్తమానం ఎత్తి దించే చేయి అది. ఒక్కటే దెబ్బ. కుర్రాడి నుదురు పగిలి, రంగు మీదుగా నెత్తురు జారింది. బానెట్ మీద నుంచి బస్తాలా కిందికి దొర్లాడు.

గుంపు వెనక్కి తగ్గింది. వాడితో భుజాలు కలిపి గెంతినవాళ్ళలో ఒక్కడూ వంగి చూడలేదు. ఫోన్లు మాత్రం పైకి లేచాయి.

"దారి వచ్చింది! ఎక్కండమ్మా!" డ్రైవరు అరిచాడు.

ఆమె ఎక్కబోయి ఆగింది. వెనక నుంచి ఇంకో గుంపు డప్పులు కొట్టుకుంటూ వస్తోంది. ఆ కాళ్ళన్నీ వీడి మీదుగా పోవడం ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఏ కిటికీ దగ్గర నిలబడి వీడి కోసం దారి చూస్తోందో, ఆ తల్లి కూడా కనిపించింది. పళ్ళు కొరుకుతూ వాడి చొక్కా పట్టి బండిలోకి ఈడ్చింది. వెంటనే ఒక రాయి వచ్చి తగిలి వెనక అద్దం బద్దలైంది. బండి కదిలింది.

ఇస్త్రీ అమ్మ తిరిగిచ్చిన పానాతో కొత్త సిలిండరు బిగించేసరికి, అద్దం పెంకులు కోసుకుని నర్సు చేతులు నెత్తురోడుతున్నాయి. పిల్ల ఛాతీ లేస్తోంది, పడుతోంది. ఇస్త్రీ అమ్మ ఒక చేత్తో కూతురి అరచేయి పట్టుకుని, ఇంకో చేత్తో కుర్రాడి నుదుటికి తువ్వాలు అదిమింది.

"గెలిచాం కదా ఆంటీ... ఎందుకు కొట్టారు?" వాడు నిజంగానే అర్థంకాక అడిగాడు.

"నోర్ముయ్. కళ్ళు మాత్రం మూయకు."

ఆసుపత్రిలో ఇద్దరినీ చెరో తలుపు వెనక్కి తీసుకుపోయారు. తువ్వాలు ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. డ్రైవరు వాచిన చెంప తడుముకుంటూ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పోలీసులు వస్తున్నారు. గుంపులో ఎవరో కొట్టారని చెబుతాను. వాడు పడ్డాకే అందరూ ఫోన్లు తీశారు, అంత గందరగోళంలో కొట్టిందెవరో ఎవరికి తెలుస్తుంది? మీరు మాట్లాడకండి."

జైలు, కోర్టు, తను లేని ఇంట్లో ఒంటరిగా రొప్పుతున్న పిల్ల, అన్నీ ఒక్కసారే ఆమె కళ్ళ ముందు తిరిగాయి. అద్దం పగలగొట్టిందీ ఎవరో, స్కూటరాయన్ని తొక్కిందీ ఎవరో. వీడి తల పగలగొట్టిందీ ఆ ఎవరోనేనా?

కానిస్టేబులు రాగానే తనే లేచి ఎదురెళ్ళింది.

"నేనే కొట్టాను బాబూ. కానీ ఇప్పుడు రమ్మంటే రాను. ముందు మా పిల్ల మాట్లాడాలి. తర్వాత ఆ అబ్బాయి వాళ్ళమ్మ రావాలి. ఆమెకు నేనే చెప్పుకోవాలి. ఆ తర్వాత ఎక్కడికంటే అక్కడికి వస్తాను."

రెండు తలుపులూ కనిపించేలా బల్ల మధ్యలో కూర్చుంది.